ముక్కు ఒక పక్కనుంచే కారుతుంటే: కుక్కల్లో లోపలి ఫంగస్ గురించి

(విజయనగరంలో కుక్కలు పెంచుకునేవాళ్ళ కోసం పెట్టిన సభలో ఒక పశువైద్యులు మాట్లాడింది. మాట్లాడింది మాట్లాడినట్టే రాసాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతుందా? సరే.

కుక్కలకి వచ్చే ఫంగస్ గురించి మాట్లాడమన్నారు నన్ను. ఫంగస్ అనగానే మనందరికీ గుర్తొచ్చేది గుండ్రంగా బొచ్చు ఊడిపోవడం, తామర, దురద, గోక్కోడం, అదీ ఉందండి, దాని గురించి చివర్లో రెండు ముక్కలు చెప్తాను. ఇవాళ ముఖ్యంగా చెప్దామనుకున్నది ముక్కు లోపల పెరిగే ఫంగస్ సంగతి, పైకి ఏమీ కనపడదు, ఆస్పర్‌జిల్లస్ అంటారు దాన్ని. మన దగ్గర ఇది చాలాసార్లు ఆలస్యంగా బయటపడతాది, ఎందుకంటే ముక్కమ్మట నెత్తురు కారుతున్న కుక్కని చూడగానే మన బుర్రలోకి ఒకటే మాట వచ్చేస్తాది, టిక్ ఫీవర్.

అలా అనుకోవడంలో తప్పు లేదు. మన జిల్లాల్లో గోమార్లు పట్టని కుక్క ఎక్కడుందో చెప్పండి. ఆ గోధుమరంగు గోమారు కుట్టినప్పుడు ఎర్లీకియా అనే క్రిమి నెత్తుట్లోకి వెళ్తాది, జ్వరం వస్తాది, తిండి మానేస్తాది, ప్లేట్‌లెట్లు, అంటే నెత్తురు గడ్డకట్టించే కణాలు, పడిపోతాయి, అప్పుడు ముక్కమ్మట నెత్తురు వస్తాది. దానికి డాక్సీసైక్లిన్ ఉంది, 28 రోజులు వాడతాం, టైముకి మొదలెడితే చాలా కుక్కలు లేచి తిరుగుతాయి. కాబట్టి ముక్కులో నెత్తురంటే ముందు నెత్తుటి పరీక్ష చేయించండి, గోమార్ల జ్వరం ఉందో లేదో చూడండి, అది మాత్రం దాటేయొద్దు.

నా బాధల్లా ఎక్కడంటే, రిపోర్ట్ వస్తాది, ప్లేట్‌లెట్లు చక్కగా ఉంటాయి, జ్వరం ఉండదు, కుక్క అన్నం తింటంది, అయినా సరే "టిక్ ఫీవరే అయ్యుంటాదిలే" అని డాక్సీ మొదలవుతాది, పది రోజులైనా తగ్గకపోతే ఇంకో యాంటీబయాటిక్, అదీ తగ్గకపోతే ఎలర్జీ అనుకుని డెక్సా ఇంజక్షనో ప్రెడ్నిసోలోన్ బిళ్ళలో పడతాయి, రెండూ స్టెరాయిడ్లే. స్టెరాయిడ్ పడ్డాక నాలుగు రోజులు తుమ్ములు తగ్గుతాయి, వాపు తగ్గుతాది, కుక్క ఆబగా తింటాది, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. లోపల ఫంగస్‌ని అదుపులో పెట్టాల్సిన ఒంటి బలాన్ని ఆ స్టెరాయిడ్డే నొక్కేస్తాది, అది మనకి కనపడదు. మళ్ళీ మొదలైనప్పుడు రెండో పక్కనుంచి కూడా కారుతాది.

చీపురుపల్లి అవతల ఒక రైస్ మిల్లు నుంచి ఒక జర్మన్ షెపర్డ్‌ని తీసుకొచ్చారు. మగ కుక్క, మంచి వయసులో ఉంది, రాత్రిళ్ళు మిల్లు కాపలా, పగలు ఊక పోసే గది పక్కన పడుకోవడం. అప్పటికే వేరేచోట చాలా మందులు వాడేశారు, ఎక్కడ అన్నది ఇక్కడ అవసరం లేదు. ఆ మిల్లాయన నన్ను అడిగిన మొదటి మాటే నాకు చాలా నచ్చింది. "డాక్టరు గారండీ, రగతం గడ్డకట్టే కణాలు బాగానే ఉన్నాయంటన్నారు, జొరం నేదు, మరి ఒక్క పక్క ముక్కమ్మటే నెత్తురెందుకొస్తంది? ఒంట్లో తేడా ఉంటే రెండు పక్కలా రావాల కదా?" ఏ పుస్తకమూ చదవకుండా ఆయన సరిగ్గా అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేశాడు. గోమార్ల జ్వరంలోనూ ఒక్కోసారి ఒక పక్కే రావచ్చు, కానీ ఒంటి మొత్తం జబ్బుకి ఏ గుర్తూ లేకుండా వారాల తరబడి ఒక పక్కే కారుతుంటే ఆ ముక్కులోపల ఏదో ఉన్నట్టే చూడాలి.

దాని కుడి ముక్కు చూస్తే చీమిడి చిక్కగా, లేత పసుపు రంగులో, మధ్యలో నెత్తుటి చారలు. ముక్కు కొస నల్లగా మెరుస్తూ ఉండాలి కదండీ, ఈ కుక్కకి కుడి రంధ్రం అంచు కింది వైపు ఆ నలుపు పోయి గులాబీ రంగులోకి వచ్చేసి, సన్నగా పుండు గీత పడి ఉంది. చీమిడి కారీ కారీ, దాంతోపాటు ఫంగస్ వదిలే విషాలు తగిలి తగిలి అలా రంగు పోతాది. కళ్ళకి కొంచెం కింద ముక్కు దూలం మీద వేలితో నొక్కితే తల విదిలించేసింది, అంతవరకూ ఇంజక్షన్‌కి కూడా కదలని కుక్క. ఆ నొప్పి, ఆ రంగు పోవడం, ఒక పక్క చీమిడి, ఈ మూడూ కలిసి కనిపిస్తే మాత్రం నాకు అనుమానం ఫంగస్ మీదకే వెళ్తాది.

ఇంకోటి చేశాం, ఇది మీరు ఇంట్లో కూడా చెయ్యొచ్చు. చిన్న అద్దం తీసుకుని ముక్కు ముందు పెట్టండి, రెండు రంధ్రాల దగ్గరా ఆవిరి పడతాది. ముక్కులో గడ్డ పెరుగుతుంటే ఆ పక్క గాలి ఆగిపోతాది, ఆవిరి పడదు, లేదా బాగా తక్కువ పడతాది. ఫంగస్‌లో చాలా వరకు గాలి బాగానే ఆడతాది, ఈ కుక్కకి చెడిన పక్కే ఎక్కువ ఆవిరి పడింది. ఎందుకో చెప్తాను. ముక్కు లోపల బోలుగా ఉండదండి, కాగితం కన్నా కొంచెం మందం ఉండే ఎముకలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, మన ముసలమ్మలు కాల్చే పొగాకు చుట్టని అడ్డంగా కోస్తే ఆకు పొరలు పొరలుగా ఎలా కనిపిస్తాదో అలాగ. పీల్చిన గాలి ఆ పొరల మధ్య నుంచి తిరిగి, వేడెక్కి, దుమ్ము వదిలించుకుని లోపలికి వెళ్తాది. ఈ ఫంగస్ ఆ పొరల్ని తినేస్తాది, లోపల ఖాళీ అయిపోతాది, అందుకే గాలి ఎక్కువ. అద్దం ఒక్కటే చూసి తేల్చేయకండి మళ్ళీ, అది అనుమానానికి ఒక దారి అంతే.

అసలు ఇది ఎక్కడ్నుంచి వస్తాది అని అందరూ అడుగుతారు. గాల్లోంచే. ఆస్పర్‌జిల్లస్ ఫ్యుమిగేటస్ అనే బూజు, దీని గింజలు, అంటే స్పోర్లు, రెండు మూడు మైక్రాన్లు ఉంటాయి, కంటికి కనపడవు. కుళ్ళిన ఆకు, పెంట కుప్ప, తడిసిన గడ్డి, బూజు పట్టిన తవుడు, వీటన్నిట్లో ఉంటాది. తడిసిన గడ్డికుప్పలో చెయ్యి పెట్టి చూడండి, లోపల వేడిగా ఉంటాది, మామూలు బూజులు ఆ వేడికి చచ్చిపోతాయి, ఇది మాత్రం ఆ వేడిలోనే బలిసిపోతాది, కుక్క ఒంటి వేడి దానికి ఒక లెక్క కాదు. 2018 అక్టోబర్‌లో పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు గడ్డికుప్పలు వారాల తరబడి నానిపోయి, తర్వాత విప్పితే లోపల్నుంచి పొగలాగా దుమ్ము లేవడం ఇక్కడున్న చాలామంది చూసే ఉంటారు. ఆ దుమ్ములో ఉండేది ఇవే. అలాంటి గడ్డి మీద కుక్కని పడుకోనివ్వకండి, బూజు గడ్డి దులిపేటప్పుడు దాన్ని దూరంగా కట్టండి. అంత మాత్రాన భయపడిపోనక్కర్లేదు, ఈ స్పోర్లు ఇక్కడున్న మనందరి ముక్కుల్లోనూ, ప్రతి కుక్క ముక్కులోనూ రోజూ పోతూనే ఉంటాయి, నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఒళ్ళు వాటిని తుడిచేస్తాది. ఏ ఒక్కదానికో ముక్కులోపలి కాపలా సరిగ్గా పనిచెయ్యక అక్కడ పాతుకుపోతాది. ఆ కుక్క పైకి దిట్టంగానే ఉంటాది చాలాసార్లు, బక్కచిక్కిన కుక్కకే వస్తాదని అనుకోకండి. పొడుగు ముక్కు, మధ్యరకం ముక్కు ఉన్న జాతులకి ఎక్కువ, షెపర్డ్, రాట్‌వీలర్, లాబ్రడార్, మన ఊరకుక్కలకీ ముక్కు పొడుగే కదా. పగ్ లాంటి చప్పిడి ముక్కు వాటికి అరుదు.

పరీక్ష సంగతి కొంచెం ఓపిగ్గా వినండి, ఇక్కడే డబ్బులు వృథా అవుతాయి. చీమిడి దూదికి తీసి ల్యాబ్‌కి పంపి ఫంగస్ పెరిగిందా లేదా చూడమంటారు కొంతమంది. ఇందాకే చెప్పాను, స్పోర్లు అందరి ముక్కుల్లోనూ ఉంటాయి, కాబట్టి పెరిగినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, పెరగకపోతే లేనట్టూ కాదు. నమ్మకంగా తేలాలంటే కుక్కకి మత్తిచ్చి, సన్నటి కెమెరా గొట్టం ముక్కులోకి పంపి చూడాలి, తెల్లగా, బూడిదరంగులో, ఒక్కోసారి పచ్చగా పాచి పట్టి కనిపిస్తాది, ఆ పాచి ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే కొమ్మలు చీలిన దారాలు కనిపిస్తాయి, అప్పుడు ఇంక సందేహం లేదు. దానికి ముందు సీటీ స్కాన్ తీస్తే ఎముక ఎంత పోయింది, కళ్ళ మధ్య నుదుటి గదిలోకి పాకిందా, అన్నిటికన్నా ముఖ్యంగా ముక్కుకీ మెదడుకీ మధ్య ఉండే చిల్లుల ఎముక బాగుందా లేదా తెలుస్తాది. సీటీ దొరకని చోట నోరు తెరిచి తీసే ఎక్స్‌రే కూడా కొంత చెప్తాది. మత్తు ఇచ్చినప్పుడే పళ్ళు కూడా చూడమనండి, పై కోరపన్ను వేరు చీము పట్టినా ముక్కు ఒక పక్కే కారుతాది, గడ్డి పోచ ఇరుక్కున్నా అంతే, అదైతే ఉన్నట్టుండి గట్టి తుమ్ములతో మొదలవుతాది. ఇంకోటి మర్చిపోకూడదు, ఊరకుక్కలతో కలిసే కుక్కలకి జతకట్టేటప్పుడు అంటుకునే గడ్డ ఒకటుంది, అది వాసన చూసినప్పుడు ముక్కులోకి కూడా దిగుతాది, మనదేశంలో బాగా ఎక్కువ, దానికి విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్ వారానికొకటి ఇస్తే చాలా వాటికి కరిగిపోతాది. చూడండి, పైకి అన్నీ ఒకేలా ఉన్న జబ్బులు, ఒకదానికి డాక్సీ, ఒకదానికి పన్ను పీకడం, ఒకదానికి కేన్సర్ మందు, ఒకదానికి ఫంగస్ మందు. చూడకుండా ఏది వేస్తారు?

ఇప్పుడు వైద్యం. ఫంగస్ తేలింది అనగానే అందరూ "బిళ్ళలు రాసివ్వండి" అంటారు. ముక్కు ఫంగస్‌లో ఒక విశేషం ఉందండి, ఇది చాలావరకు కండలోకి దూరదు, లోపలి పొర మీద పాచిలా కూర్చుంటాది, కూర్చుని అక్కడ్నుంచే నాశనం చేస్తాది. బిళ్ళ వేస్తే మందు నెత్తుట్లోంచి రావాలి, నెత్తురు వెళ్ళేది పొర కిందకి, పాచి ఉన్నది పొర పైన. అందుకే బిళ్ళలు ఒక్కటే వాడితే నెలల తరబడి వాడినా చాలా వాటికి పూర్తిగా తగ్గదు. మందుని నేరుగా తీసుకెళ్ళి పాచి మీదే పొయ్యాలి.

ఆ మిల్లు కుక్కకి అదే చేశాం. సీటీకి దూరం వెళ్ళాల్సొచ్చింది, ఆయన వెనకాడలేదు, చిల్లుల ఎముక బాగుంది. పూర్తి మత్తు ఇచ్చి, గాలిగొట్టం వేసి దాని బెలూన్ ఉబ్బించి, గొంతులో గాజు గుడ్డ కుక్కాం, మందు ఊపిరితిత్తుల్లోకి జారకుండా. ముందు కెమెరా పెట్టి అందిన పాచి అంతా గీకి, సెలైన్‌తో కడిగి తీసేశాం. ఇది చాలా ముఖ్యం అండి, పాచి ఉంచేసి ఎంత మందు పోసినా కింద పొరకి అందదు. తర్వాత ముక్కు వెనక వైపు కొసన బెలూన్ ఉండే ఫోలీ గొట్టం ఒకటి, ముందు రంధ్రాల్లో గొట్టాలు పెట్టి బెలూన్లతో మూసేసి, ఒక శాతం క్లోట్రిమజోల్ అనే ఫంగస్ మందుని రెండు పక్కలా నింపాం, రెండో పక్క బాగున్నట్టే కనిపించినా సరే. గంటసేపు అలా ఉంచాలి. ఊరికే ఉంచితే కింది భాగమే నానుతాది, అందుకని పావుగంట వెల్లకిలా, పావుగంట ఒక పక్కకి, పావుగంట రెండో పక్కకి, పావుగంట బోర్లా, ఇలా తిప్పుతూ ఉండాలి, అన్ని మూలలకీ మందు తగలాలి కదా. ఆ గంటంతా మా అసిస్టెంట్ వాచీ చూస్తూ, నేను నాడి చూస్తూ, ఎవరం పక్కకి కదల్లేదు. అయ్యాక తల కిందికి వాల్చి అంతా కార్చేసి, గొంతు తుడిచి, అప్పుడు లేపాం.

ఒక్కసారితో అయిపోతాదని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకూడదు. మూడు నాలుగు వారాల్లో మళ్ళీ మత్తిచ్చి కెమెరా పెట్టి చూడాలి, పాచి ఉంటే మళ్ళీ గీకి మళ్ళీ పొయ్యాలి. ఈ కుక్కకి రెండోసారి చూసినప్పుడు నుదుటి గదిలో కొంచెం మిగిలుంది, మళ్ళీ చేశాం, ఆ తర్వాత చూస్తే పొర శుభ్రంగా ఉంది. రెండోసారికి ముందు ఆ మిల్లాయన "చీమిడి ఆగిపోనాది కదండీ, మల్లీ మత్తెందుకు" అన్నాడు. చీమిడి ఆగడం, ఫంగస్ పోవడం రెండూ ఒకటి కాదండి. రెండో వైపు కూడా వినండి, ఫంగస్ పూర్తిగా పోయినా పోయిన ఎముకలు తిరిగి రావు, ఆ ముక్కు జీవితాంతం కొంచెం కారుతూనే ఉండొచ్చు, అప్పుడప్పుడు మామూలు బాక్టీరియా చేరుతూ ఉంటాది. దాన్ని చూసి ఫంగస్ మళ్ళీ వచ్చేసిందని బెంబేలు పడొద్దు, చూపించండి, చూసి చెప్తారు.

చిల్లుల ఎముక పోయినప్పుడు, మత్తు తట్టుకోలేనప్పుడు, లేదా పై వైద్యానికి తోడుగా బిళ్ళలు వాడాల్సొస్తాది. ఎక్కువగా వాడేది ఇట్రాకొనజోల్, మామూలుగా కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, బరువు తూచి డాక్టరే రాయాలి, అంచనా మీద వెయ్యకండి. కేప్సూల్ అయితే కడుపు నిండా తిండితో ఇవ్వాలి, తిండిలో కొంచెం కొవ్వు ఉంటే ఇంకా బాగా పడతాది, గుడ్డో, నెయ్యి కలిపిన అన్నమో. ఇక్కడ ఒక మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి, మన దగ్గర ఏ మందు రాసినా పక్కన ఒక పాంటాప్ బిళ్ళ ఉంటాది, అలవాటైపోయింది. ఈ కేప్సూల్ కరగడానికి కడుపులో పులుపు కావాలి, పాంటాప్ ఆ పులుపునే చంపేస్తాది, అప్పుడు రోజూ వెయ్యి రూపాయల మందు మింగించినా ఒంట్లోకి దిగేది కొంచెమే. అలాంటి బిళ్ళ వేస్తుంటే డాక్టరు గారికి చెప్పండి. గోమార్లకో గజ్జికో ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్ చేయించే అలవాటు కూడా ఉంది కదా, ఈ మందు వాడుతున్నన్నాళ్ళూ దాని జోలికి వెళ్ళకండి, రెండూ కలిస్తే ఐవర్‌మెక్టిన్ మెదడుకెక్కి కుక్క తూలిపోతాది.

లివర్ పరీక్ష మొదలెట్టే ముందు ఒకసారి, తర్వాత నెలకోసారి. మధ్యలో తిండి మానేసినా, వాంతులు అయినా, కళ్ళు పచ్చబడినా, కాళ్ళ మీద పుళ్ళు లేచినా ఆ రోజే మందు ఆపి ఫోన్ చెయ్యండి. ఫ్లూకొనజోల్ చవకగా దొరుకుతాది కదా అదెందుకు ఇవ్వరు అని అడుగుతారు, ఈస్ట్ రకం ఫంగస్‌లకి, మెదడుకీ కంటికీ పాకే క్రిప్టోకాకస్‌కి అది మంచి మందు, ఆస్పర్‌జిల్లస్ మీద అది పనిచెయ్యదు. ఫంగస్ మందు అని రాసుంటే అన్నీ అన్నిటికీ పనిచెయ్యవండి.

ఒంటి మొత్తం పాకే రకం కూడా ఉంది, షెపర్డ్ ఆడకుక్కల్లో ఎక్కువ చూస్తారు, వెన్నుపూస నొప్పి, కంట్లో వాపు, కిడ్నీలు చెడడం, బరువు తగ్గిపోవడం. అది చాలా కష్టమైన జబ్బు, మందులతో కొన్నాళ్ళు నిలబెట్టగలం గానీ చాలా వాటిని కాపాడలేం. ఆ మాట ఇంటివాళ్ళకి ముందే చెప్పాలి, చెప్పకుండా లాగడం అన్యాయం.

చర్మం ఫంగస్ గురించి చెప్తానన్నాను కదా. మెడికల్ షాపులో అడిగి మూడు నాలుగు మందులు కలిపిన క్రీము తెచ్చి పూసేస్తారు, అందులో గట్టి స్టెరాయిడ్ ఉంటాది, దురద ఆ పూటకి ఆగుతాది, మచ్చ పెద్దదవుతాది, కుక్క దాన్ని నాకి మింగుతాది కూడా. తామర మనుషులకి అంటుకుంటాది, పిల్లలకి ముందు. బొచ్చు, చర్మం గీకి పరీక్ష చేయించి, స్టెరాయిడ్ లేని మందు వాడండి.

ప్రశ్నలేమైనా ఉన్నాయా... చెప్పండమ్మా. ముక్కు ఫంగస్ పిల్లలకి అంటుకుంటాదా అని. లేదమ్మా, కుక్క నుంచి మనిషికి ఇలా రాదు, మనకి వచ్చినా గడ్డి, మట్టి, గాలి నుంచే. ఇంట్లో ఎవరైనా కేన్సర్ మందులు వాడుతున్నా, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళున్నా ఆ చీమిడి వాళ్ళ చేత తుడిపించకండి, మిగతావాళ్ళు చెయ్యి కడుక్కుంటే చాలు.

ఆ బాబు అడుగుతున్నాడు, క్లోట్రిమజోల్ చెవి చుక్కలు షాపులో దొరుకుతాయి కదా ముక్కులో వేసేస్తే చాలదా అని. వద్దు నానా. మెలకువగా ఉన్న కుక్క ఒక్క చుక్క లోపలికి పోనివ్వదు, తుమ్మేస్తాది, పోయినా నుదుటి గది దాకా చేరదు. పైగా ఆ చుక్కల్లో మందు కరగడానికి కలిపే ద్రవాలు కొన్ని గొంతుకి తగిలితే వాపొచ్చి ఊపిరి ఆడదు. మత్తిచ్చి గొంతు మూసి చేసేది అందుకే.

ఖర్చు అడుగుతున్నారు. ఎక్కువేనండి, సీటీ, మత్తు, మళ్ళీ మత్తు. నెలల తరబడి తప్పు మందులకి పెట్టింది లెక్కేస్తే మరీ అంత తేడా ఉండదు. గరివిడి వెటర్నరీ కాలేజీలో ముందు చూపించుకుని, అక్కడ ఏం పరీక్షలు అవుతాయో, దేనికి బయటికి వెళ్ళాలో కనుక్కుని బయల్దేరండి, ఊరికే తిరక్కండి. వెళ్ళేటప్పుడు పాత చీటీలన్నీ, నెత్తుటి రిపోర్ట్ పట్టుకెళ్ళండి. చీటీ లేకుండా చేసిన ఇంజక్షన్ ఉంటే ఖాళీ సీసా ఫోటో తీసి ఉంచండి, స్టెరాయిడ్ పడిందా, పడితే ఎప్పుడు పడింది అన్నది చూసే డాక్టరుకి తప్పకుండా తెలియాలి. నోటి స్టెరాయిడ్ చాలా రోజులుగా వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, ఎలా తగ్గించాలో అడిగి తగ్గించండి.